అప్పుడు మునసబు నోరు తెరిచి

పోయిన నెల తిరుపతిలో కంటి డాక్టరుకు చూపించుకుని బస్టాండుకు నడిచి వస్తుంటే, దారిలో ఒక కల్యాణమండపంలో పుస్తకాల అమ్మకం జరుగుతోంది. ఎండగా ఉందని లోపలికి వెళ్లాను. కళ్లలో వేసిన చుక్కల మందు ఇంకా దిగలేదు. అక్షరాలన్నీ అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. అలాంటి కళ్లతో కూడా ఒక నవల మొదటి వాక్యాన్ని గుర్తుపట్టాను. కొత్త అట్ట, కొత్త అచ్చు, లోపల మాత్రం మా మునసబే.

కొని ఇంటికి తెచ్చి వారం రోజులు బీరువా మీద పెట్టాను. "ఏమత్తా, అంత ఇష్టంగా కొన్నారు, చదవరా?" అని కోడలు అడిగింది. "చివర ఏముందో చూడాలంటే భయంగా ఉందమ్మా" అన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. నేను హాస్యమాడే మనిషిని కానని ఇంట్లో అందరికీ తెలుసు, ఆ పిల్ల కొత్తగా వచ్చింది కాబట్టి తెలియదు.

మాది పలమనేరుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. చలికాలం తెల్లవారుజామున గడ్డివాముల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉండేది. ఇప్పుడు ఆ చేలన్నీ టమోటాలైపోయాయి కానీ, నా చిన్నప్పుడు మా నాయన మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచేవాడు. మా ఇంట్లో మూడు గదులు. అందులో పెద్దది, గాలి వచ్చేది, పురుగులది. మిగిలిన రెండింటిలో అవ్వా, అమ్మా, నాయనా, నేనూ సర్దుకునేవాళ్లం.

పురుగులున్న నెల రోజులూ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. వాటికి వాసన పడదు. నాయన బీడీ కాల్చుకోవాలంటే వీధి చివర చింతచెట్టు దాకా నడవాలి. నేను ముఖానికి పౌడరు రాసుకుంటే అవ్వ తడిగుడ్డ తెచ్చి తోలు ఊడేలా తుడిచేది. ఇంట్లో తిరగవాత పెట్టకూడదు. అనపకాయల కాలంలో పితికిన పప్పు చేస్తే, చట్టిని రెండు చేతులతో పట్టుకుని ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి వెళ్లడం నా పని. ఆమె ఆవాలు, వెల్లుల్లి వేసి తిరగవాత పెట్టి ఇచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు వీధి మధ్యలో ఆగి రెండు వేళ్లు ముంచి నాకేదాన్ని. సంగటిలో ఆ పప్పు తిన్న నాలుకకు తర్వాత ఎన్ని ఊళ్లలో ఎన్ని విందులు తిన్నా ఆ రుచి మళ్లీ తగల్లేదు.

పట్టుపురుగు తన బతుకులో నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి పాత తోలు విడుస్తుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. "మూడో జ్వరంలో ఉండాయి, మెల్లిగా మాట్లాడు" అని అవ్వ చుట్టాలను కూడా వాకిట్లోనే నిలబెట్టేది. నాలుగో జ్వరం తీరాక వాటి ఆకలి చూడాలి. గంపలకు గంపలు ఆకు తెచ్చి పోస్తున్నా చాలేది కాదు. తలుపు మూసి ఉన్నా అవి ఆకు కొరికే చప్పుడు వాకిట్లోకి వినిపించేది.

చిన్న పురుగులున్నప్పుడు తట్టల్లో కాగితం పరవాలి. అందుకని నాయన పలమనేరు నుంచి పాత కాగితాలు కట్టలు కట్టించి తెచ్చేవాడు. నేను చదివిన చదువంతా ఆ కట్టల్లోదే. సగం పత్రికలు, ఎవరివో పరీక్ష కాగితాలు, పెళ్లి శుభలేఖలు. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక కట్టలో ఆ నవల వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి అవ్వ దాని వెనక అట్ట చించి, చివరి పేజీలు ఒక్కొక్కటిగా ఊడదీసి తట్టల్లో పరిచేసింది. నేను ఏడ్చి గోల చేసి మిగిలిన పుస్తకం లాక్కున్నాను.

నవలలో ఒక ఊరి మునసబు. ఆయన అబద్ధం ఆడడు. మామూలు మనుషులు ఆడే చిన్నచిన్నవి కూడా ఆడడు. వండిన కూర బాగుందా అని భార్య అడిగితే ఉప్పెక్కువైందనే చెబుతాడు. సొంత తమ్ముడు పొలం గట్టు జరిపితే కోర్టులో నిలబడి జరిపాడనే చెబుతాడు. ఊరంతా ఆయనతో మాట్లాడటం మానేస్తుంది. అయినా చేతులు వెనక్కి కట్టుకుని తలెత్తి వీధిలో నడుస్తాడు. ఒకరోజు పోలీసులు తరుముతున్న ఒక కుర్రవాడు ఆయన ఇంట్లో దూరి దాక్కుంటాడు. పోలీసు అమీను వచ్చి వాకిట్లో నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. అక్కడితో నా పుస్తకం అయిపోయింది.

తట్టల్లో పరిచిన పేజీల కోసం వెతికాను. అప్పటికే పెంటతో, ఆకు ఈనెలతో కలిసి ఎరువు గుంతలోకి వెళ్లిపోయాయి. ఒక తట్ట అంచుకు మాత్రం వేలెడు ముక్క అతుక్కుని ఉంది. దాని మీద 'అప్పుడు మునసబు నోరు తెరిచి' అని ఉంది. ఆ ముక్కను లెక్కల పుస్తకంలో దాచుకున్నాను. నోరు తెరిచి ఏం చెప్పి ఉంటాడనే అనుమానం నాకు రాలేదు. ఉన్నాడనే చెప్పి ఉంటాడు. మునసబు కదా.

ఇక నేను మునసబునైపోయాను. చేతులు వెనక్కి కట్టుకుని బడికి వెళ్లేదాన్ని. పక్క పిల్ల నోటుబుక్కులో చూసి రాశానని అయ్యవారికి నేనే చెప్పి బెత్తం దెబ్బలు తిన్నాను. పెద్దమ్మ "మా అల్లుడు ఎట్లుండాడే?" అని అడిగితే, "కొంచెం మొద్దులా ఉండాడు పెద్దమ్మా" అన్నాను. దాంతో పది రోజులు మాకు తిరగవాత లేదు. అమ్మ తల పట్టుకుంది. అవ్వ మాత్రం, "దీనికి ఆ పుస్తకం సోకింది, పురుగులకేసుంటే పోయేది" అని ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లంతా తేలికగా, గర్వంగా ఉండేది.

ఆ రోజుల్లో ఏటా రెండుసార్లు మలేరియా మందు కొట్టేవాళ్లు పల్లెలకు వచ్చేవాళ్లు. వాళ్లొస్తే పండగో, ఇల్లు మారడమో తెలిసేది కాదు. చట్లు, పరుపులు, ధాన్యం మూటలు అన్నీ వీధిలో పడేవి. గోడలకు తెల్లటి మందు కొట్టి, వాకిలి పక్కన ఎర్రమట్టి జాజుతో అంకెలు వేసి పోయేవాళ్లు. ఆ ఇంట్లో గదులెన్ని, మందు కొట్టినవి ఎన్ని అని. మా ఊరికి వచ్చే ఆయనను పిల్లలందరం పంపు మామ అనేవాళ్లం. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడు. చర్చిలో పాడే పాటలనే ఈల వేసేవాడు.

వచ్చినప్పుడల్లా వారం రోజులు మా ఊళ్లోనే మకాం. చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడి నుంచే తిరిగేవాడు. మధ్యాహ్నం మా వీధి అరుగు చివర కూర్చుని సంగటి మూట విప్పేవాడు. అవ్వ ఊరిబిండో, ఊరగాయో దూరం నుంచే అతని ఆకులో వేసేది. "ఒంటి నిండా మందప్పా నీకు, ఇంట్లోకి రాకు, నా పురుగులు సచ్చిపోతాయి" అనేది. "నాకు తెలీదా అవ్వా, నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అని అతను నవ్వేవాడు. ఆ దూరం మందు వాసన కోసమో, ఇంకెందుకోసమో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు కూడా అవ్వ తరఫున నేను గట్టిగా చెప్పలేను.

ఆ ఏడు నేను అరుగు మీద కూర్చుని మునసబు కథ గట్టిగా చదివేదాన్ని. అవ్వ వినేది కాదు. పంపు మామ వినేవాడు. సంగటి ముద్ద చేతిలోనే ఆరిపోయేది.

"కోర్టులో తమ్ముడి మీదనే సెప్పినాడా?" అని అడిగాడు.

"చెప్పినాడు మామా."

"గట్టోడే. నాకైతే నోరు రాదు పాపా. తమ్ముడి మొగం గుర్తొస్తాది."

"అందుకే నువ్వు మునసబువి కాలేదు" అన్నాను. అతను చాలాసేపు నవ్వాడు.

మా ఇంటికి మందు కొట్టే రోజున పురుగులు నాలుగో జ్వరం తీరి ఆకు మీద పడి ఉన్నాయి. ఇంకో వారంలో గూడు అల్లుతాయి. మందు గాలి సోకితే ఒక్కటి మిగలదు. నాయన చేతులు జోడించాడు. పంపు మామ జోడించిన ఆ చేతులు చూసి సిగ్గుపడ్డాడు. "ఎందుకన్నా అదంతా. నాకూ బిడ్డలుండారు" అని, పురుగుల గది తలుపు సందుల్లో తనే తడి గోనెలు కుక్కి, మిగిలిన రెండు గదులకూ గాలి అటు పోకుండా మెల్లగా మందు కొట్టాడు. తర్వాత వాకిలి పక్కన జాజుతో అంకెలు వేశాడు. గదులు మూడు, కొట్టినవి మూడు. నేను పక్కనే నిలబడి చూశాను. రెండు కదా అని అడగబోతే, కన్ను గీటి ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మూడో రోజు పై అధికారి జీపులో వచ్చాడు. నాయనా అమ్మా తోటలో ఆకు కోస్తున్నారు. అవ్వ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. ఆయన మంచి మనిషి లాగే ఉన్నాడు. అవ్వను లేవద్దని, తనే వంగి అంకెలు చూశాడు.

"గదులన్నీ కొట్టినారా అవ్వా?"

"కొట్టినారు సామీ. సూడు, గోడలన్నీ తెల్లంగా ఉండాయి."

"ఆ మూసిన గది?"

"అదీ కొట్టినారు." అవ్వ చేతిలో కాయ ఒలవడం ఆగలేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పాపా. బడికి పోతావు కదా. ఆ గది కొట్టినారా?"

నా చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్లాయి. లెక్కల పుస్తకంలో దాచుకున్న కాగితం ముక్క కళ్ల ముందు కనిపించింది. అప్పుడు మునసబు నోరు తెరిచి. వీధికి అవతల పంపు మామ బకెట్టు దగ్గర వంగి పంపు విప్పుతూ ఉన్నాడు. అతను నాకు కనిపించాడు. కనిపించలేదని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను.

"కొట్టలేదు సార్. పురుగులుండాయని వదిలిపెట్టినాడు. మూడని ఉత్తికే రాసినాడు" అన్నాను.

అధికారి తలుపు కొంచెం తీసి లోపలికి చూసి, మళ్లీ జాగ్రత్తగా మూశాడు. "పురుగులు అల్లుకున్నాక కొట్టిద్దాం. కొట్టని గదిలోనే కదవ్వా దోమ దాక్కునేది" అని మర్యాదగానే చెప్పాడు. తర్వాత తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పంపు మామ తల ఎత్తలేదు. బిగించిన వాషరునే మళ్లీ విప్పి, మళ్లీ బిగిస్తున్నాడు.

నన్ను ఎవరైనా తిడతారని సాయంత్రం దాకా ఎదురు చూశాను. నాయన కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నాడు. "నిజమే కదా చెప్పింది" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర నుంచి నెమ్మదిగా, "నిజం నీకొక్కదానికే తెలుసనుకున్నావా? నాకూ తెలుసు" అంది. అంతే. దెబ్బ వేసి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది.

మా పురుగులకు ఏమీ కాలేదు. ఆ ఏడు గూళ్లు బంగారంలా వచ్చాయి. ఇంట్లో ఓళిగలు చేశారు. నాకు ఎన్ని కావాలంటే అన్ని పెట్టారు, ఒకటి తుంచి పక్కన పెట్టేశాను. పంపు మామను పనిలోంచి తీసేశారని అప్పటికి తెలిసింది. దొంగ లెక్క రాసినందుకు. తర్వాతి విడత మందు కొట్టడానికి వేరే మనిషి వచ్చాడు. అప్పుడూ మా గదిలో పురుగులున్నాయి. అతను ఆ గది వదిలేసి, గదులు మూడు, కొట్టినవి రెండు అని రాసి వెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు.

అది చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. చూశావా, రెండని రాసి ఉంటే సరిపోయేది కదా, తప్పు అతనిదే అని అవ్వతో వాదించాను. సమాధానం నాయన చెప్పాడు. అంతకు ముందు ఏడు పంపు మామ మాలాంటి ఇళ్ల దగ్గర నిజమే రాశాడట. ఊరి లెక్క తక్కువైందని పైవాళ్లు చీవాట్లు పెట్టారట. ఈ ఏడు పర్మనెంటు చేసేవాళ్ల జాబితా తయారవుతోందట, అతను పద్నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న జాబితా. అందుకని మూడని వేశాడు. నా ఊరట ఆ పూటతో పోయింది. ఆ వానాకాలం మా వీధిలో ఇద్దరికి చలిజ్వరం వచ్చింది. అది మా గదిలో దాక్కున్న దోమ పనేనేమో, అధికారి మాటే సరైనదేమో అని కూడా ఆలోచించాను. ఏ వైపు తిరిగినా ఇంకో వైపు తప్పుగా కనిపించేది. మునసబుకు ఇలా ఎప్పుడూ అయినట్టు నా పుస్తకంలో లేదు.

ఒక ఆదివారం పొద్దున పంపు మామ మా వాకిట్లోకి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఇటుకల బట్టీలో పని చేస్తున్నాడని అప్పటికే విన్నాం. అరచేతులు పగిలి ఉన్నాయి. నేను తలుపు చాటుకు వెళ్లాను. తిట్టడానికే వచ్చాడనుకున్నాను.

"అవ్వా, పురుగులుండాయా?" అని అడిగాడు.

"ఉండాయప్పా. మేత మీదుండాయి."

"ఇప్పుడు నా మీద మందు వాసన లేదు గదా. ఆర్నెల్లయింది. ఒక్కతూరి సూసి పోతా. ఇన్నేండ్లు మీ పురుగుల్ని కాపాడినా గానీ, అవెట్లుంటాయో నేను సూడలే."

అవ్వ ఒక నిమిషం అతని వైపు చూసింది. తర్వాత లేచి పక్కకు జరిగింది. "రాప్పా లోపలికి" అంది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తల వంచి మా గుమ్మం దాటాడు. పురుగుల గదిలోకి వెళ్లగానే ఆగిపోయి పైకప్పు వైపు చూశాడు.

"వాన పడతా ఉండాదా?"

"వాన కాదు మామా. మేస్తా ఉండాయి" అన్నాను. ఆ రోజు తర్వాత అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

చాలాసేపు తట్టల మధ్య నిలబడ్డాడు. నేను ఒక పురుగును తీసి అతని అరచేతిలో పెట్టాను. పగిలిన చేతి మీద అది తల ఎత్తి అటూ ఇటూ వెతికింది. ఇప్పుడైనా క్షమించమని అడగాలనుకున్నాను. తప్పు చేశానని నమ్మితే కదా అడగడం. చేయలేదనుకుంటే అతన్ని చూడగానే తలుపు చాటుకు ఎందుకు వెళ్లాను?

అతనే అడిగాడు. "పాపా, ఆ మునసబు ఆఖరికి ఏమైనాడు?"

చివరి కాగితాలు లేవు మామా, పురుగులకు వేసేసింది అవ్వ, అని చెప్పాలి. అది నిజం. నేను అతని అరచేతిలోకి చూస్తూ, "గెలిచినాడు మామా. ఊరోళ్లంతా వచ్చి ఆయనకు దండం పెట్టినారు. ఆయన వల్ల కష్టపడినోళ్లందరికీ మళ్లా మంచి జరిగింది" అన్నాను.

"మేలు. అట్లాంటోళ్లు గెలవాల" అన్నాడు. పురుగును తనే జాగ్రత్తగా ఆకు మీద వదిలాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు మాత్రం అట్లే ఉండు పాపా" అన్నాడు.

అట్లే ఉన్నాను. బడిపంతులమ్మగా ముప్పై ఏళ్లు అట్లే ఉన్నాను. నేనంటే గౌరవం ఉన్నవాళ్లు చాలామంది, నా ఇంటికి వచ్చి కూర్చునేవాళ్లు తక్కువ. ఎవరికైనా అనుకూలంగా ఒక చిన్న మాట మార్చి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తల మీద ఆ పగిలిన చెయ్యి బరువు తెలిసేది. అది ఆశీర్వాదమో, శిక్షో నేను తేల్చుకోలేదు. పంపు మామ నేను కాలేజీలో ఉండగానే పోయాడు.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ ఆ పుస్తకం తీసి చివరి పేజీలు తెరిచాను. అమీను వాకిట్లో నిలబడి అడుగుతున్నాడు. తర్వాతి వాక్యం యాభై ఏళ్ల కిందట నేను దాచుకున్నదే. 'అప్పుడు మునసబు నోరు తెరిచి, లేడు అన్నాడు.' ఇంకో పంక్తిలో ఆయన లోపలికి వెళ్లి, ఆ పూట అన్నం వద్దన్నాడని ఉంది. అది మంచిదో చెడ్డదో రాసినాయన ఒక్క ముక్క చెప్పలేదు. మిగిలిన పేజీల్లో కోతలు, వానలు, ఎవరిదో పెళ్లి.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నాను. అవ్వ ఆ కాగితాలు చించకుండా ఉంటే ఆ రోజు నేను కొట్టినారనే చెప్పేదాన్నేమో. అప్పుడు ఈ మనిషిని అయి ఉండేదాన్ని కాదేమో. లేక ఆ వయసులో అది చదివి, మునసబు మీద కోపమొచ్చి, పుస్తకాన్ని నేనే పురుగులకు వేసేదాన్నేమో. ఎటూ తెగలేదు. కోడలు వచ్చి, "చివర ఏముందత్తా?" అని అడిగింది. ఆమెకు చెప్పాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

చెప్పాల్సింది మాత్రం ఆమెకు కాదు. నీకు ఆ రోజు తప్పు చెప్పినా మామా. ఆయన గెలవలేదు. అమీనుకు లేడని చెప్పినాడు. నువ్వు ఉండమన్నట్టు నేనే ఉండిపోయినా, మునసబు ఉండలేకపోయినాడు.